పిచ్చి ఆవు వ్యాధి, చెవి ట్యాగులు: ఆవు ఏ ఊళ్లో పుట్టిందో తెలుసుకోవడం ఇంత కష్టమా?

వలసపక్షి (సియాటిల్), నవంబరు 2024

అమెరికాలో ఈ నెల 5 నుంచి పశువుల చెవి ట్యాగుల నిబంధన మారింది. రాష్ట్రం దాటి వెళ్లే పాడి జాతి పశువులకు, పద్దెనిమిది నెలలు దాటిన సంతానయోగ్యమైన మిగతా పశువులకు ఇకపై కొత్తగా వేసే అధికారిక ట్యాగు కంటితో చదవడానికే కాక యంత్రంతో చదవడానికీ వీలుగా ఉండాలి. వార్త చదవగానే నాకు 2003 డిసెంబరు గుర్తుకు వచ్చింది. ఈ దేశంలో మొదటి మ్యాడ్ కౌ (ఆవుల మెదడును పాడుచేసి, వాటి మాంసం తిన్నవారికీ రాగల పిచ్చి ఆవు వ్యాధి) కేసు బయటపడింది మా వాషింగ్టన్ రాష్ట్రంలోనే.

మా ఇంట్లో బీఫ్ తింటాం, పిల్లలు కూడా తింటారు. అందుకే సూటిగా అడుగుతున్నాను. ఇలాంటి ట్యాగు అప్పుడే ఉండి ఉంటే ఆ ఆవుతో పాటు పెరిగిన పశువులన్నీ దొరికేవా? దొరికేవే అయితే, ఈ చిన్న పనికి ఇరవై ఏళ్లకు పైగా ఎందుకు పట్టింది?


యాకిమా తోటమాలి

చాలా ఏళ్లుగా వాషింగ్టన్ రాష్ట్రంలోని యాకిమా లోయలో ఉంటున్నాను. అప్పట్లో ఇక్కడ ఏ నలుగురు కలిసినా ఇదే మాట. జరిగింది వరుసగా చెబుతాను, మీ మొదటి ప్రశ్నకు జవాబు అందులోనే దొరుకుతుంది.

2003 డిసెంబరు 9న మోసెస్ లేక్‌లోని ఒక చిన్న కబేళాలో హోల్‌స్టీన్ ఆవు ఒకదాన్ని కోశారు. అది మాబ్టన్‌లోని పాడి క్షేత్రం నుంచి వచ్చింది. ఈనేటప్పుడు దెబ్బ తగిలి లేవలేకపోతోందని కాగితాల్లో రాశారు. లేవలేని పశువు కాబట్టే మెదడు నమూనా తీసి అయోవాలోని ఏమ్స్ ప్రయోగశాలకు పంపారు. అది నడుస్తూనే వచ్చిందని కబేళాలో పనిచేసిన వ్యక్తి ఒకరు తర్వాత చెప్పడంతో పెద్ద వివాదమే రేగింది. నమూనా వెళ్లింది కానీ మాంసం ఆగలేదు. ఫలితం వచ్చేదాకా ఆపాలన్న నిబంధన అప్పటికి లేదు. డిసెంబరు 23న వ్యవసాయ మంత్రి యాన్ వెనమన్ ప్రకటన చేసే సమయానికి రెండు వారాలు గడిచాయి, ఆ మాంసం వేరే మాంసంతో కలిసి ఖీమాగా దుకాణాలకు చేరిపోయింది. క్రిస్మస్ నాడు ఇంగ్లండ్‌లోని వేబ్రిడ్జ్ ప్రయోగశాల వ్యాధిని నిర్ధారించింది.

ఆ రోజు అక్కడ కోసిన 20 ఆవుల మాంసం 10,410 పౌండ్లను వెనక్కి రప్పించమని ఆదేశించారు. కొంత వచ్చింది, కొంత అప్పటికే వండుకుని తినేశారు. మెదడు, వెన్నుపాము, పేగులు మాత్రం ఆహారంలోకి వెళ్లలేదు. ఊరట ఏదైనా ఉంటే అదొక్కటే.

ఇక అసలు వెతుకులాట. ఆవు వయసు నాలుగు, నాలుగున్నర ఏళ్లని ఇక్కడి కాగితాల్లో ఉంది. చెవి ట్యాగు పట్టుకుని ఆరా తీస్తే కెనడాలో అదే సంఖ్యతో ఉన్న ఆవు 1997 ఏప్రిల్‌లో అల్బర్టాలో పుట్టినట్లు తేలింది. అంటే ఆరున్నర ఏళ్లు పైబడింది. రెండేళ్ల తేడాయే కదా అనిపిస్తుంది. కానీ పశువుల మాంసం, ఎముకల పొడిని పశువుల దాణాలో కలపరాదన్న నిషేధం రెండు దేశాల్లోనూ 1997 ఆగస్టులో వచ్చింది. నాలుగున్నర ఏళ్ల ఆవైతే నిషేధం తర్వాత కూడా కలుషిత దాణా తిన్నదని అర్థం, అంటే నిషేధం విఫలమైనట్లే. ఆరున్నర ఏళ్లదైతే దూడగా ఉన్నప్పుడు పాత దాణా తిని ఉంటుంది. ఒక దేశపు పశుసంవర్ధకం మొత్తం మీద వచ్చే తీర్పు ఒక ఆవు పుట్టిన తేదీ మీద వేలాడింది!

చివరికి జన్యు పరీక్ష చేయవలసి వచ్చింది. కెనడాలో నిల్వ ఉన్న తండ్రి ఆబోతు వీర్యంతో ఆవు మెదడులోని జన్యువులను పోల్చి, 2004 జనవరి 6న అమెరికా ప్రధాన పశువైద్యాధికారి రాన్ డీహేవెన్, కెనడా ప్రధాన పశువైద్యాధికారి బ్రయాన్ ఎవాన్స్ అది అల్బర్టా ఆవేనని ప్రకటించారు.

ఆ ఆవు 2001 సెప్టెంబరు 4న సరిహద్దు దాటింది. దానితో కలిపి ఆ మందలో 81 పశువులు. కచ్చితంగా గుర్తించగలిగింది 29. అదే దాణా తిని ఉండే అవకాశం ఎక్కువున్న 25 పశువుల్లో దొరికింది 14. వాషింగ్టన్, ఓరెగాన్, ఐడహో రాష్ట్రాల్లో 75,000కు పైగా పశువుల రికార్డులు తిరగేశారు. అనుమానం ఉన్న 255 పశువులను చంపి పరీక్షించారు, అన్నీ వ్యాధి లేనివే. 2004 ఫిబ్రవరి 9న దర్యాప్తు ముగిసిందన్నారు. మిగతా పశువులు ఏమయ్యాయో చెప్పగల కాగితం ఎక్కడా లేదు.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఆ ఆవుకు అంతకుముందే పుట్టిన కోడెదూడను సన్నీసైడ్‌లోని దూడల మందలో కలిపేశారు. దానికి ట్యాగు లేదు. ఏది దాని దూడో తెలియక మందలోని దాదాపు 450 దూడలనూ చంపారు. తల్లి నుంచి దూడకు వ్యాధి వచ్చే అవకాశం చాలా తక్కువని తెలిసీ చంపారు. చెవికి ఒక ట్యాగు ఉంటే చచ్చేది ఒక్క దూడ.


డాలస్ గృహిణి

చదువుతుంటేనే బాధగా ఉంది. ఒక సందేహం. మేము మాంసమే ముట్టం. మాలాంటి వాళ్లకు దీనితో ఏమైనా పని ఉందా? పాల మాటేమిటి?


లీడ్స్ డాక్టరు

ఉందమ్మా. భయపడవలసినంత లేదు, పట్టించుకోవలసినంత ఉంది.

ముందు పాల సంగతి. పాలు, పాల పదార్థాల ద్వారా ఈ వ్యాధి సోకదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చాలా కాలంగా చెబుతోంది. నిశ్చింతగా తాగండి. మందు గొట్టాల్లో (క్యాప్సూళ్లలో) వాడే జెలటిన్ పశువుల తోళ్లు, ఎముకల నుంచి వస్తుంది. దాని ముడిసరుకు మీద, తయారీ విధానం మీద నిబంధనలు ఉన్నాయి కాబట్టే అది సురక్షితం. ఆ నిబంధనలు అమలు కావాలని కోరుకోవడానికి మాంసం తినే వారై ఉండనవసరం లేదు.

ఇక రక్తం. ఆంధ్ర నుంచి ఎనభైలలో, తొంభైలలో ఇంగ్లండ్ ఆసుపత్రుల్లో శిక్షణకు వచ్చి, తర్వాత అమెరికా వెళ్లిన డాక్టర్లు ఎందరో. నా స్నేహితులే చాలామంది ఉన్నారు. 1980 నుంచి 1996 వరకు బ్రిటన్‌లో మొత్తం మూడు నెలలు గడిపిన వారి రక్తాన్ని అమెరికాలో తీసుకునేవారు కాదు. శాకాహారులకూ అదే నియమం. 2022లో గానీ దాన్ని ఎత్తివేయలేదు. ఇక్కడ కొందరికి రక్తమార్పిడి ద్వారా ఈ వ్యాధి సోకింది కనుక అంత జాగ్రత్త అవసరమైంది.

నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ప్రభుత్వం రోజూ చెప్పిన మాట ఒకటే, బ్రిటిష్ బీఫ్ సురక్షితమని. 1990 మేలో వ్యవసాయ మంత్రి జాన్ గమ్మర్ తన చిన్న కూతురికి కెమెరాల ముందు బర్గర్ అందించారు. 1996 మార్చి 20న ఆరోగ్య మంత్రి స్టీఫెన్ డోరెల్ పార్లమెంటులో లేచి, యువకుల్లో కనిపిస్తున్న కొత్త మెదడు వ్యాధికి ఈ ఆవులతో సంబంధం ఉండే అవకాశం ఎక్కువని చెప్పారు. ఈ దేశంలో 178 మంది చనిపోయారు. లక్షా ఎనభై వేలకు పైగా పశువుల్లో వ్యాధి నిర్ధారణ అయింది, వ్యాధి లేనివి కూడా లక్షల సంఖ్యలో చంపి కాల్చారు.

ఈ వ్యాధికి కారణం సూక్ష్మజీవి కాదు, ఆకారం చెడిన ప్రోటీన్, ప్రయాన్. ఎంత ఉడికించినా, వేయించినా పోదు. ఇంట్లో వంట మనిషి చేయగలిగింది ఏమీ లేదు, చేయవలసినదంతా దాణా కర్మాగారంలో, కబేళాలో, పశువుల పాకలో చేయాలి. మనం ఎవరినైనా గట్టిగా నిలదీయవలసింది అక్కడే.


బాపట్ల పశువైద్యం

యాకిమా తోటమాలి గారు చెప్పిన వయసు తేడా గురించి ఒక పశువైద్యుడిగా ఇంకాస్త చెప్పాలి. ట్యాగు అనగానే అందరం ఒకే పని ఊహించుకుంటాం. నిజానికి వ్యాధిని బట్టి వెతకవలసిన దిక్కే మారిపోతుంది.

గాలికుంటు అనే అంటువ్యాధి వచ్చిందనుకోండి. నిన్న, మొన్న ఈ గేదె ఏ సంతలో ఉంది, పక్కన ఏ పశువు నిలబడింది, ఏ లారీ ఎక్కింది అని అడుగుతాం. పదిహేను రోజుల సమాచారం ఉంటే చాలావరకు పని జరుగుతుంది. పిచ్చి ఆవు వ్యాధి పక్కనున్న పశువుకు అంటుకోదు. దాణాలో నోటి ద్వారా వస్తుంది, అదీ ఎక్కువగా దూడగా ఉన్న మొదటి ఏడాదిలో. లక్షణాలు కనిపించడానికి నాలుగైదేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కాబట్టి ఇక్కడ అడగవలసింది, అయిదారేళ్ల క్రితం ఈ దూడ ఏ పాకలో పుట్టింది, ఏ బస్తాలోని దాణా తిన్నది, అదే బస్తా ఇంకే దూడలు తిన్నాయి అని.

అందుకే అమ్మేటప్పుడో, రాష్ట్రం దాటేటప్పుడో వేసే ట్యాగు ఈ వ్యాధికి పెద్దగా ఉపయోగపడదు. పుట్టిన చోటే పడాలి. వలసపక్షి గారూ, మీరు చెప్పిన కొత్త నిబంధనలో నాకు కనిపిస్తున్న లోపం అదే. యంత్రం వేగంగా చదువుతుంది, మంచిదే. కానీ పద్దెనిమిది నెలలు నిండి రాష్ట్రం దాటేదాకా ట్యాగు పడని మాంసపు జాతి పశువుకు అప్పటికే దూడ వయసు దాటిపోయింది. అప్పుడు వేసిన ట్యాగులో ఆ మొదటి ఏడాది ఉండదు.

2006లో అలబామాలో ఈ వ్యాధితో దొరికిన ఆవు సంగతి చూడండి. దానికి ట్యాగే లేదు. పళ్లు చూసి పదేళ్లు దాటి ఉంటుందన్నారు. అది పుట్టిన మంద ఏదో చివరిదాకా తెలియలేదు.


లీడ్స్ డాక్టరు

బాగా చెప్పారు. ఇక్కడ అంత నష్టం జరిగాక నేర్చుకున్నది అదే. దూడ పుట్టిన 20 రోజుల్లోపు రెండు చెవులకూ ట్యాగులు వేయాలి. పాడి దూడకైతే మొదటిది 36 గంటల్లోపే. ఆ తర్వాత దాని పేరున పాస్‌పోర్టు వస్తుంది, పశువు ఎక్కడికి మారినా ఆ వివరం నమోదవుతుంది.


అమరిల్లో నుంచి

నేను పశువుల మేతశాలల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాను, రైతులతో రోజూ మాట్లాడతాను. ఇరవై ఏళ్లు ఎందుకు పట్టిందన్న ప్రశ్నకు వాళ్ల వైపు నుంచి ఎవరో ఒకరు చెప్పాలి.

2003 కేసు తర్వాత కేంద్రం జాతీయ పశు గుర్తింపు వ్యవస్థను తెస్తామంది. రైతులు ససేమిరా అన్నారు. 2010 ఫిబ్రవరిలో ప్రభుత్వమే దాన్ని వదిలేసింది. 2013లో రాష్ట్రాల మధ్య రవాణాకే పరిమితమైన నిబంధన వచ్చింది. ఇప్పుడు వచ్చింది దాని సవరణే.

వాళ్ల అభ్యంతరాలు మొండితనం నుంచి వచ్చినవి కావు. వేల ఎకరాల్లో మేసే దూడలను పట్టి ట్యాగు వేయాలంటే మనుషులు కావాలి, పశువులను ఇరుకు దారిలో నిలబెట్టే కంచె కావాలి. ముప్పై ఆవులున్న వాడికీ, ముప్పై వేల ఆవులున్న కంపెనీకీ ఒకటే నియమమైతే భారం చిన్నవాడి మీదే పడుతుంది. రెండోది, తన మంద ఎంతో, ఎప్పుడు అమ్ముతున్నాడో ప్రభుత్వానికీ, కొనుగోలుదారుకూ తెలిస్తే బేరంలో తాను బలహీనపడతానన్న భయం. మూడోది, ఎక్కడో కబేళాలో జరిగిన కాలుష్యానికి ట్యాగు చూసి తన మీద దావా వేస్తారేమోనన్న భయం. వీటికి జవాబు చెప్పకుండా చట్టం తెస్తే అది కాగితం మీదే ఉంటుంది.

పైగా 2003 తర్వాత తినేవారిని నిజంగా కాపాడింది ట్యాగులు కావు. 2003 డిసెంబరు 30న వెనమన్ ప్రకటించిన నియమాలు. లేవలేని పశువును ఆహారానికి వాడరాదు. ముప్పై నెలలు దాటిన పశువు మెదడు, కళ్లు, వెన్నుపాము, వెన్నెముక తీసేయాలి. ఏ వయసు పశువుదైనా టాన్సిళ్లు, చిన్నపేగు తీసేయాలి. పరీక్షకు పంపిన పశువు మాంసం ఫలితం వచ్చేదాకా కదలకూడదు. ఆవు ఎక్కడిదో తెలియకపోయినా ఇవి పనిచేస్తాయి.


నిషికసాయి తెలుగు (టోక్యో)

అమరిల్లో గారూ, భారం ఉందన్న మాట నిజమే. కానీ జపాన్ దాన్ని ఎత్తుకుంది. 2001 సెప్టెంబరులో చిబాలో ఇక్కడి మొదటి కేసు బయటపడింది. అక్టోబరు నుంచే ఆహారానికి కోసే ప్రతి పశువునూ పరీక్షించడం మొదలుపెట్టారు. 2003లో చట్టం చేసి ప్రతి పశువుకూ పది అంకెల సంఖ్య ఇచ్చారు. 2004 డిసెంబరు నుంచి దుకాణంలో దేశీయ బీఫ్ పొట్లం మీద ఆ సంఖ్య ఉండాలి. ఫోనులో కొడితే పశువు ఎప్పుడు పుట్టింది, ఆడదా మగదా, ఏ జాతి, ఏ రాష్ట్రంలో పెరిగింది, ఎక్కడ కోశారు, అన్నీ వస్తాయి. మా పొరుగింటి పెద్దావిడ ఇప్పటికీ కొనేముందు చూస్తారు.

2003 డిసెంబరులో అమెరికా బీఫ్‌ను జపాన్ ఆపేసింది. 2005 డిసెంబరులో మళ్లీ అనుమతిస్తే, మరుసటి నెలలోనే ఒక సరుకులో వెన్నెముక ఎముకలు కనిపించి మళ్లీ ఆపారు. మీరు చెప్పిన ‘తీసేయాలి’ అన్న నియమం కాగితం మీద ఉంది, పెట్టెలో ఎముక కూడా ఉంది. అటువంటప్పుడు కొనేవాడు దేన్ని నమ్మాలి?


వలసపక్షి

ఇదే నన్నూ కలవరపెట్టేది. కాన్సాస్‌లో క్రీక్‌స్టోన్ ఫార్మ్స్ అనే మాంసం కంపెనీ జపాన్ కొనుగోలుదారుల కోసం తన పశువులన్నిటినీ సొంత ఖర్చుతో పరీక్షించుకుంటానంటే 2004లో వ్యవసాయ శాఖ ఒప్పుకోలేదు. వ్యవహారం కోర్టుకెక్కింది. 2008లో పైకోర్టు శాఖ పక్షానే తీర్పిచ్చింది. సొంత డబ్బుతో ఎక్కువ జాగ్రత్త పడతానన్న వాణ్ణి ఆపడం నాకు ఎంత ఆలోచించినా న్యాయంగా కనిపించదు.


అమరిల్లో నుంచి

పరీక్షకు ఉన్న పరిమితి చూడండి. వ్యాధి మెదడుకు చేరి ముదిరితేనే పరీక్షలో కనిపిస్తుంది. మాంసానికి పెంచే పశువుల్లో ఎక్కువ భాగాన్ని రెండేళ్లలోపే కోస్తారు. ఆ వయసులో వ్యాధి సోకి ఉన్నా ఫలితం ‘లేదు’ అనే వస్తుంది. అలాంటి పొట్లం మీద ‘పరీక్షించినది’ అని రాస్తే కొనేవారికి లేని భరోసా ఇచ్చినట్లే. జపాన్ కూడా మెల్లగా వయోపరిమితి పెంచుకుంటూ పోయి 2017లో ఆరోగ్యంగా ఉన్న పశువుల పరీక్ష ఆపేసింది కదా.


బాపట్ల పశువైద్యం

శాస్త్రం వరకు అమరిల్లో గారి మాట సరైనదే, చిన్న వయసు పశువు పరీక్షతో ఒరిగేది తక్కువ. కానీ అందులోంచి ‘గుర్తింపు అంత ముఖ్యం కాదు’ అన్న ముగింపు రాదు. ముప్పై నెలలు దాటిందా లేదా అన్నదాని మీదే కదా వెన్నెముక తీయాలా వద్దా అన్నది ఆధారపడింది. పుట్టిన తేదీ నమోదు కాని పశువుకు ఆ వయసు ఎలా తెలుస్తుంది? కబేళాలో నోరు తెరిచి పళ్లు చూస్తారు. పళ్లు అంచనా మాత్రమే ఇస్తాయి. మాబ్టన్ ఆవు విషయంలో కాగితమే రెండేళ్లు తప్పింది. మీరు మెచ్చుకున్న నియమాలు నిలబడాలన్నా దూడ చెవికి ట్యాగు కావాలి.

దాణా నిషేధం కూడా అంతే. అది పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది? నిషేధం తర్వాత పుట్టిన పశువుల్లో వ్యాధి ఆగిపోయిందని చూపగలగాలి. పుట్టిన తేదీ లేకుండా అది చూపలేం. అమెరికాలో ఇప్పటిదాకా ఏడు కేసులు వచ్చాయి. 2003 తర్వాతివి, అలబామా, కాలిఫోర్నియా ఆవులతో సహా, అన్నీ ముసలి పశువుల్లో అరుదుగా దానంతట అదే వచ్చే వేరే రకమని ప్రయోగశాలలు తేల్చాయి. అది మంచి వార్త. దాన్ని గట్టిగా చెప్పగలిగేది వయసు తెలిసినప్పుడే.


డాలస్ గృహిణి

డాక్టరు గారికి ధన్యవాదాలు, పాల విషయంలో మనసు కుదుటపడింది. మన దగ్గర ఆవులకు కూడా చెవులకు పసుపుపచ్చ ట్యాగులు చూశాను, మా పుట్టింటి ఆవుకూ ఉంది. అవీ ఇందుకేనా?


బాపట్ల పశువైద్యం

ఇందుకు కాదమ్మా. వాటి మీద పన్నెండు అంకెలు ఉంటాయి, మా రైతులు పశు ఆధార్ అంటారు. గాలికుంటు, బ్రూసెల్లా టీకాలు వేసినప్పుడు, కృత్రిమ గర్భధారణ చేసినప్పుడు, పాల దిగుబడి నమోదు చేసినప్పుడు ఆ సంఖ్య కంప్యూటర్‌లో ఎక్కిస్తాం. భారతదేశంలో పిచ్చి ఆవు వ్యాధి కనిపించలేదు. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ 2010లో మన దేశాన్ని అతి తక్కువ ముప్పు ఉన్న దేశాల జాబితాలో చేర్చింది. పాలిచ్చే పశువుల దాణాలో మాంసం, ఎముకల పొడి కలపరాదన్న నిబంధనా ఉంది.

కానీ సన్నీసైడ్ దూడల సంగతి చదివాక నాకు మా పల్లెలే కళ్లలో మెదిలాయి. పెయ్యదూడకు నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య బ్రూసెల్లా టీకా వేస్తాం కాబట్టి దానికి ట్యాగు పడుతుంది. కోడెదూడను రైతూ పట్టించుకోడు, మేమూ వెంటపడం. పాలివ్వదు కాబట్టి అమ్మేస్తారు. ఏ సంతకు వెళ్లిందో, అక్కడి నుంచి ఎటు పోయిందో ఎక్కడా రాసి ఉండదు. పశువు చేతులు మారినప్పుడు పాత యజమాని పేరు అలాగే ఉండిపోవడం కూడా రోజూ చూస్తున్నాను. గాలికుంటు విజృంభించినప్పుడు ఈ ఖాళీలే మమ్మల్ని దెబ్బతీస్తాయి. పల్లెల్లో పశువుల పని చూసే మా గోపాలమిత్రలతో ఈ మాట మళ్లీ మళ్లీ చెబుతున్నాను. ఈనిన సమాచారం రాసేటప్పుడు మగదైనా సరే దూడను నమోదు చేయండి, కొన్నవాడి ఫోను నంబరు ఎక్కించండి అని.


వలసపక్షి

అందరికీ కృతజ్ఞతలు. ఒక ఆచరణాత్మకమైన ప్రశ్న మిగిలింది. ఇక్కడ దుకాణంలో కొనేటప్పుడు నేను చూడగలిగింది ఏమైనా ఉందా? పొట్లం మీద దేశం పేరు కూడా కనిపించడం లేదు.


అమరిల్లో నుంచి

దేశం పేరు తప్పనిసరి అన్న నియమం బీఫ్‌కు 2009లో అమల్లోకి వచ్చింది. కెనడా, మెక్సికోలు ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసి గెలవడంతో 2015 డిసెంబరులో రద్దయింది. ఆ రద్దును సమర్థించే రైతులు నాకు చాలా తక్కువమంది కనిపించారు. తమ దూడ తమ దేశంలో పుట్టిందని చెప్పుకోవడానికి వాళ్లు సిద్ధమే.

మీరు చేయగలిగింది ఉంది. ఖీమా పొట్లంలో ఎన్నో పశువుల మాంసం కలిసి ఉంటుంది. ముక్కగా కొని దుకాణంలోనే మీ కళ్లముందు ఖీమా కొట్టించుకోండి. పొట్లం మీద కబేళా లేదా ప్యాకింగ్ కేంద్రం సంఖ్య గుండ్రటి ముద్రలో గానీ తేదీ పక్కన గానీ ఉంటుంది. వెనక్కి పిలిచిన సరుకు ప్రకటనలో ఇచ్చేది ఆ సంఖ్యే. పొట్లం పారేసే ముందు ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి.


యాకిమా తోటమాలి

దానికి ఒకటి జోడిస్తాను. 2003లో ఏయే దుకాణాలకు ఆ మాంసం వెళ్లిందో వ్యవసాయ శాఖ ప్రజలకు చెప్పలేదు, అది వ్యాపార రహస్యమట. తిన్నవారిలో చాలామందికి తిన్నట్లు కూడా తెలియదు. 2008 నుంచి తీవ్రమైన కేసుల్లో దుకాణాల పేర్లు ప్రకటిస్తున్నారు. అప్పటి ఆవు మాంసాన్ని మాత్రం అంత తీవ్రం కాని రెండో తరగతి ముప్పుగానే లెక్కించారు, ఆ లెక్కన ఈరోజు అలాంటిదే జరిగినా దుకాణాల పేర్లు బయటకు రావాలన్న నియమం వర్తించదు. మన ప్రతినిధులకు రాయదలచుకున్న వారు ట్యాగుల గురించి ఒక్కటే కాదు, దీని గురించి కూడా రాయండి. నేను ఈ వారం రాస్తున్నాను, ముసాయిదా ఇక్కడే పెడతాను. దిద్దుబాట్లు చెప్పండి.